తెల్లని బల్లగుడ్డ పరచిన విధవరాలు: శారా హేల్ గారి జీవితము

కోతలు ముగిసి కళ్లములు నిండిన దినములలో మన సంఘములు కృతజ్ఞతార్పణ పండుగ చేసికొనుట చదువరులందరికిని తెలిసిన సంగతియే. మందిరపు గుమ్మమునకు మామిడి తోరణములు కట్టుదురు. వరి కంకులను గుత్తులుగా చేసి వ్రేలాడదీయుదురు. గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు, కాళ్లు కట్టిన కోడిపెట్ట, గంపెడు గ్రుడ్లు, ఇవన్నియు బల్ల యెదుట చేరును. ఆరాధన ముగిసిన వెనుక వేలము పాట జరుగును. ఇండ్లయొద్ద స్త్రీలు వారము దినములు ముందుగనే గోడలకు సున్నము వేసి, అరుగులు అలికి, దుప్పట్లు ఉతికి ఆరవేయుదురు. పాటలు పాడువారిని, వాక్యము చెప్పువారిని అందరును జ్ఞాపకముంచుకొందురు గాని, ఈ అలికినవారిని, ఉతికినవారిని తలంచువారు తక్కువ.

అమెరికా దేశములో ఇటువంటి దినమొకటి కలదు. నవంబరు నెల నాల్గవ గురువారమున జనులు పనులు మాని, ఇల్లు చక్కబెట్టుకొని, దూరమున నున్న బిడ్డలను పిలుచుకొని, ఒక్క బల్ల చుట్టును కూర్చుందురు. దానిని థాంక్స్‌గివింగ్ దినమని పిలుతురు. 1621లో ప్లిమత్ అను చోట వలసవచ్చిన ఆంగ్లేయులును, ఆ దేశపు పూర్వనివాసులును కలిసి భుజించిన కోత విందుతో ఈ పండుగ కథ మొదలుపెట్టుట వాడుక. అయితే అది దేశమంతటికిని ఒక్క దినముగా ఏర్పడుటకు ముఖ్య కారకురాలు ఒక విధవరాలు. ఆమె పేరు శారా జోసెఫా హేల్.

శారా 1788 అక్టోబరు 24న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని న్యూపోర్ట్ అను గ్రామమున, వ్యవసాయకుటుంబములో జన్మించెను. తండ్రి గోర్డన్ బ్యూయెల్ స్వాతంత్ర్య యుద్ధములో సైనికుడు. ఆ కాలమున ఆడపిల్లలకు పెద్ద చదువులు లేవు. తల్లియే ఆమెకు అక్షరములు నేర్పెను. బైబిలును, యాత్రికుని ప్రయాణమును ఆ ఇంటి గ్రంథములలో ముఖ్యమైనవి. అన్న హొరేషియో డార్ట్‌మత్ కళాశాలలో చదువుచు, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడెల్ల తాను నేర్చిన పాఠములను చెల్లెలికి చెప్పుచుండెను. అట్టి అన్న దొరకుట గొప్ప భాగ్యము. పదునెనిమిదవ యేట శారా తానే బడిపంతులమ్మ అయ్యెను.

1813లో ఆమె డేవిడ్ హేల్ అను న్యాయవాదిని వివాహమాడెను. ప్రతి రాత్రి ఎనిమిది గంటలు మొదలుకొని పది గంటలవరకు ఆ దంపతులు కలిసి చదువుకొనుట నియమము. ఒకప్పుడు ఆమెకు క్షయరోగమని వైద్యులు ఆశ వదలుకొనగా, భర్త ఆమెను గుఱ్ఱపు బండిలో కూర్చుండబెట్టుకొని కొండ ప్రదేశములలో త్రిప్పుచు, ద్రాక్షపండ్లు తినిపించెనట. ఆమె బాగుపడెను. కాని 1822 సెప్టెంబరులో ఆ భర్తయే ఊపిరితిత్తుల జ్వరముతో చనిపోయెను. అప్పటికి నలుగురు బిడ్డలు. అయిదవ బిడ్డ తండ్రి పోయిన రెండు వారములకు పుట్టెను. ఆ దినమున నల్లబట్టలు ధరించిన హేలమ్మగారు తాను చనిపోవువరకు, 57 సంవత్సరములు, మరియొక రంగు ధరింపలేదు.

బ్రదుకు తెరువునకై ఆడబిడ్డతో కలిసి స్త్రీల టోపీలు కుట్టి అమ్ము అంగడి పెట్టిరి. అది ఆమె మనస్సునకు సరిపడలేదు. రాత్రులు బిడ్డలు నిద్రించిన తరువాత వ్రాయుచుండిరి. ఆ వ్రాతలలోనుండి 1827లో నార్త్‌వుడ్ అను నవల అచ్చయ్యెను. మన కథకు ఇదియే ముఖ్యమైన చోటు గనుక ఇక్కడ కొంచెము నిలుతము.

ఆ నవలలో ఒక అధ్యాయమంతయు పల్లెటూరి రైతు ఇంటిలో జరిగిన కృతజ్ఞతా దినపు విందును గూర్చినది. నవంబరు చివర ఆ ప్రాంతములలో చలి మెండు. చేలు ఖాళీ. కనుక ఆ కాలమున ఇంటిని అలంకరింప దలచిన రైతు భార్యకు పొలము, కొట్టము, నేలమాళిగ ఏమి యిచ్చినవో అవియే అలంకారములు. గుమ్మడికాయ, ఆపిల్ పండు, మొక్కజొన్న కండె అట్లు ఆ పండుగకు గురుతులైనవి. హేలమ్మగారి నవలలోని గృహిణి బల్లమీద పరచిన గుడ్డ తెల్లదనములో విదేశపు సరకుతో పోటీపడునట్టిది. అది అంగడిలో కొన్నది కాదు. ఆ తల్లి తన చేతులతోనే నూలు వడికి, నేసి, తెలుపు చేసిన గుడ్డ. దానిపై నెవరికి మొదటి చోటో, దేనికి మొదటి చోటో అన్నియు క్రమముగా వర్ణింపబడినవి. బల్ల తలభాగమున కాల్చిన టర్కీ కోడి, ప్రక్కన గొడ్డుమాంసము, పందిమాంసము, గొఱ్ఱెమాంసము, దిగువను బాతులు. తీపి పదార్థములలో గుమ్మడి గుజ్జు నింపి కాల్చిన రొట్టెకు పెద్దపీట. పళ్లెములు పెట్టుటకు కూడ చోటు చాలనంతగా బల్ల నిండెనని ఆమె వ్రాసిరి.

కాని ఆమె వ్రాసిన మరియొక సంగతి నాకు వీటన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. ఆనాడు ఆ బల్ల ఇంటివారందరికిని వేయబడెను. ప్రతి బిడ్డకును పెద్దలతోపాటు ఒక ఆసనముండెను. ఇంగ్లండునుండి వచ్చిన పరదేశియు ఆ బల్లయొద్దనే కూర్చుండెను. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో వారముల పండుగకు ఎవరెవరిని చేర్చుకొనవలెనో మోషే చెప్పిన పట్టికను చదువరులు తీసి చూచుకొనవచ్చును. అందులో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు, అందరు ఉన్నారు. ఆ నవల వ్రాయునాటికి హేలమ్మగారి ఇంట తండ్రిలేని బిడ్డలు అయిదుగురు. నిండు బల్లను వర్ణించిన ఆ చేయి, ఖాళీ ఆసనమున్న బల్లయొద్దనుండి వ్రాసినది.

మన దేశములో అనేక కుటుంబములలో విధవరాలిని శుభకార్యములకు ఎడముగా నుంచిరి. తోరణము కట్టుటకును ఆమె చేయి పనికిరాదనిరి. ఒక దేశమునకు పండుగ నేర్పినది విధవరాలి చేయి అని మన సహోదరీలు తెలిసికొనుట మంచిది.

నవల పేరు పొందెను. 1828లో బోస్టన్ పట్టణములో స్త్రీల మాసపత్రికకు సంపాదకురాలిగా ఆమెకు పిలుపు వచ్చెను. 1837లో లూయీ గోడీ అను ప్రచురణకర్త ఆ పత్రికను తన పత్రికలో చేర్చుకొని, గోడీస్ లేడీస్ బుక్ అను దానికి ఆమెనే సంపాదకురాలిని చేసెను. 1841లో ఆమె ఫిలడెల్ఫియాకు కాపురము మార్చిరి. 1860 నాటికి ఆ పత్రిక 150,000 ప్రతులు పోవుచుండెను. ఆనాటి అమెరికాలో అది సామాన్య సంఖ్య కాదు. బొమ్మలకు చేతితో రంగులు వేయుటకే అనేకమంది స్త్రీలు పనిచేయుచుండిరి. చిన్న ఇండ్లు ఎట్లు కట్టవలెనో పటములు, కుట్టుపని నమూనాలు, వంటలు, అన్నియు అందులో వచ్చెడివి. 1850 డిసెంబరు సంచికలో విక్టోరియా రాణి కుటుంబము క్రిస్మస్ చెట్టు చుట్టును నిలిచిన బొమ్మను వేసిరి. అయితే రాణి తలమీది కిరీటమును, ఆమె భర్తగారి మీసములను తీసివేసి సామాన్య అమెరికా కుటుంబమువలె మార్చిరి! ఆ బొమ్మ చూచి అనేక కుటుంబములవారు ఇంటిలో చెట్టును నిలుపనారంభించిరి. ఏ పల్లెలో ఏ బల్ల ఎట్లు సర్దవలెనో చెప్పగల స్థానము ఆమెకు అట్లు కలిగెను. పిల్లల బడులలో నేటికిని పాడు మేరీ గొఱ్ఱెపిల్ల గీతము, 1830లో అచ్చయిన ఆమె పుస్తకములోనిదే.

ఇంటిలో నేర్చిన నేర్పును ఆమె ఊరుమ్మడి పనికిని తెచ్చిరి. బోస్టన్ దగ్గర బంకర్ హిల్ మీద కట్టుచున్న జ్ఞాపక స్తంభము డబ్బు లేక సగములో నిలిచిపోయెను. పురుషులు చేతులెత్తివేసిరి. 1840లో హేలమ్మగారు స్త్రీలను కూడగట్టి, బోస్టన్‌లోని క్విన్సీ హాలులో ఏడు దినముల సంత జరిపించిరి. ఆ హాలును బల్లలతో నింపి, ఇండ్లలో కుట్టినవి, అల్లినవి, వండినవి తెచ్చి అమ్మిరి. 30,000 డాలర్లు వచ్చినవి. స్తంభము పూర్తియయ్యెను.

ఆ కాలమున కృతజ్ఞతా దినము ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే నియమించుకొనునది. ఒకచోట అక్టోబరు, మరియొకచోట డిసెంబరు. దక్షిణ రాష్ట్రములలో చాలచోట్ల లేనేలేదు. 1789లో వాషింగ్టన్ గారు దేశమంతటికిని ఒక దినము ప్రకటించిరి గాని, 1815 తరువాత అధ్యక్షులెవరును ఆ ఆచారమును కొనసాగింపలేదు. 1846 మొదలుకొని హేలమ్మగారు ఏటేట తన పత్రికలో దీనిని గూర్చి వ్రాసిరి. నవంబరు కడపటి గురువారము తగిన దినమనిరి. అప్పటికి కోతపనులు తీరును, ప్రయాణమైనవారు ఇండ్లు చేరుదురు. పత్రికలో వ్రాయుట చాలదని గవర్నర్లకు, అధ్యక్షులకు స్వహస్తముతో ఉత్తరములు వ్రాసిరి. ఒక అధ్యక్షుడు దిగిపోయి మరియొకడు వచ్చును. ఆమె మరల మొదటినుండి వ్రాయును. బానిసత్వము విషయమై ఉత్తర దక్షిణములు విడిపోవుచున్న కాలమది. ఒక్క దినమున అందరును బల్లయొద్ద కూర్చుండినయెడల దేశము చీలదని ఆమె ఆశించిరి. వర్జీనియా గవర్నరు ఇది ఉత్తరాదివారి బోధకుల ఆర్భాటమని త్రోసివేసెను. అయినను 1859 నాటికి సుమారు 30 రాష్ట్రములు ఆ దినమును ఆచరించెను.

ఇచ్చట దాచకుండ చెప్పవలసిన మాట యున్నది. బల్ల చుట్టు కూర్చుండినంతమాత్రమున బానిస సంకెళ్లు ఊడవు. హేలమ్మగారు బానిసత్వము చెడ్డదని నమ్మిరి గాని, విడుదలైన నల్లవారిని ఆఫ్రికాకు పంపుటయే మార్గమని తలంచిరి. వారికి అదే దేశములో, అదే బల్లయొద్ద సమానమైన ఆసనము వేయవలెనని ఆమెకు తోచలేదు. ప్రతి బిడ్డకును చోటు చూపిన ఆమె కన్నులకు ఈ బిడ్డలు కనబడకపోవుట విచారకరము. 1861లో యుద్ధము వచ్చెను. పత్రికలో రాజకీయములు రాకూడదని గోడీగారి నియమమగుటచేత, ఆ ఘోరయుద్ధమును గూర్చి ఆ పుటలు దాదాపు మౌనముగానే యుండినవి.

1863 జూలైలో గెట్టిస్‌బర్గ్ యొద్ద మూడు దినములలో సుమారు 50,000 మంది చనిపోవుటయో, గాయపడుటయో, కనబడకపోవుటయో జరిగెను. ఆ యేడే ఆమె తన పత్రికలో నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయమును ఎత్తి వ్రాసిరి. అక్కడ ధర్మశాస్త్రము విని ఏడ్చుచున్న జనులకు, పోయి భుజించుడనియు, ఏమియు సిద్ధము చేసికొననివారికి భాగములు పంపుడనియు నెహెమ్యా చెప్పెను. ఏడ్చువారికే ఆ మాట చెప్పబడెననుట గమనింపదగినది. బీదలకు భోజనము పంపకుండ బల్ల సర్దుట పూర్తికాదని ఆమె ఎప్పుడును చెప్పుచు వచ్చిరి.

1863 సెప్టెంబరు 28న, 75వ యేట నడుచుచు, ఆమె అబ్రహాము లింకన్ గారికి ఉత్తరము వ్రాసిరి. అయిదు దినములకే, అక్టోబరు 3న, ప్రకటన వెలువడెను. దానిని వ్రాసినవాడు మంత్రి సీవర్డ్, సంతకము లింకన్ గారిది. నవంబరు 26 దేశమంతటికిని కృతజ్ఞతా దినముగా నియమింపబడెను. యుద్ధములో విధవరాండ్రయినవారిని, తండ్రిలేని బిడ్డలను జ్ఞాపకము చేసికొనుడని ఆ ప్రకటనయే కోరెను. ఆ గురువారమున ఎన్ని ఇండ్లలో తెల్లని గుడ్డ పరచి, ఒక ఆసనము ఖాళీగా విడిచిరో ఎవరు లెక్కింపగలరు? మరుసటి సంవత్సరము న్యూయార్క్ పట్టణస్థులు చందాలు వేసికొని, యుద్ధరంగములోని సైనికులకు టర్కీ కోళ్లు వండి పంపిరి. గుడారములయొద్దను, ఓడలమీదను ఆ బల్ల వేయబడెను.

హేలమ్మగారు స్త్రీలు వైద్యము నేర్చుకొనవలెననియు గట్టిగా వాదించిరి. స్త్రీ వైద్యులను తూర్పుదేశములకు పంపుటకై 1851లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన సంఘములో ఆమె పనిచేసిరి. ఆమె తన పత్రికలో బలపరచిన ఆ పట్టణపు స్త్రీల వైద్య కళాశాలలోనుండియే 1879లో డాక్టరు ఆనా కుగ్లర్ గారు పట్టము పొంది, 1883లో మన గుంటూరునకు వచ్చిరి.

1877 డిసెంబరులో, 89వ యేట, హేలమ్మగారు పత్రికనుండి విరమించిరి. 1879 ఏప్రిల్ 30న ఫిలడెల్ఫియాలో కన్నుమూసిరి. లింకన్ గారి తరువాత ప్రతి అధ్యక్షుడును ఏటేట ఆ దినమును ప్రకటించుచునే వచ్చెను గాని, అది ఒక్కొక్కరి దయమీద నిలువక చట్టముగా నుండవలెనని ఆమె కోరిరి. అమెరికా శాసనసభ ఆ చట్టమును చేసినది 1941 డిసెంబరులో. అప్పటికి ఆమె పోయి 62 సంవత్సరములు. అప్పుడును ఆ దేశము యుద్ధములో దిగి మూడు వారములైనను కాలేదు.