పెద్దరోగం వాళ్ల కోసం సైబీరియా పోయిన కేట్ మార్స్‌డెన్

నర్సు అనగానే మనకు ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే గుర్తొస్తుంది. అందరూ ఆమె గురించే చెప్తారు కాబట్టి. ఎవరూ అంతగా చెప్పని ఇంకో నర్సమ్మ ఉంది. ఆమె పేరు కేట్ మార్స్‌డెన్. ఒక ఆకు మందు కోసం ఈమె రష్యా దేశం ఆ చివర దాకా పోయింది. ప్రపంచ పటంలో రష్యా చూస్తూ చదవండి, ఎంత దూరమో తెలుస్తుంది.

కేట్ 1859లో ఇంగ్లండులో, లండన్ పక్కన ఎడ్మంటన్ అనే చోట పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో ఈమే చివరిది. తండ్రి లాయరు. ఆయన చనిపోయాక ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయింది. కేట్ నర్సు పని నేర్చుకుంది. 1877లో రష్యాకూ టర్కీకీ యుద్ధం వచ్చింది. కేట్ బల్గేరియా దేశం వెళ్లి దెబ్బలు తగిలిన రష్యా సిపాయిలకు కట్లు కట్టింది. అక్కడే మొదటిసారి కుష్ఠు రోగులను చూసింది. మన దిక్కు పెద్దరోగం అంటారు కదా, అదే. ఆ తర్వాత క్షయ వచ్చిన అక్కను చూసుకోవడానికి న్యూజిలాండ్ వెళ్లింది. అక్క బతకలేదు. కేట్ అక్కడి ఆసుపత్రిలో పని చేసింది. నిచ్చెన మీద నుంచి పడి చాలా కాలం మంచం పట్టింది. అయినా బల్గేరియాలో చూసినవాళ్లను మర్చిపోలేదు.

అప్పటికి ఈ రోగానికి మందు లేదు. ఇది ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. కానీ జనం నమ్మింది వేరు. పాపం చేస్తే వచ్చిందనేవాళ్లు, ముట్టుకుంటే అంటుతుందని తరిమేసేవాళ్లు. కేట్ రోగులను చూస్తూ జెరూసలేం, టర్కీ తిరిగింది. దారిలో ఒక మాట చెవిన పడింది. సైబీరియాలో యాకుట్స్క్ అనే చోట ఒక మూలిక దొరుకుతుందట, దానితో ఈ రోగం తగ్గుతుందట. అంతే, పోవాలనుకుంది. మన పెద్దవాళ్లు కూడా వేరు కోసం ఎంత దూరం కొండైనా ఎక్కుతారు. కానీ ఇది ఒక కొండ కాదు, సగం ప్రపంచం.

రష్యాను అప్పుడు జారు చక్రవర్తి మూడవ అలెగ్జాండర్ ఏలుతున్నాడు. ఆయన భార్య మారియా ఫియోదోరోవ్నా. ఈమె పుట్టుకతో రష్యా ఆమె కాదు, డెన్మార్క్ రాజకుమారి. ఈమె అక్క అలెగ్జాండ్రా ఇంగ్లండు యువరాజు భార్య. అక్కాచెల్లెళ్లు రెండు దేశాలలో పెద్ద ఇళ్ల కోడళ్లు అన్నమాట. అందుకని ఇంగ్లండు నర్సు మాట రష్యా మహారాణి దాకా పోయింది. మహారాణి కేట్‌కు ఒక ఉత్తరం ఇచ్చింది. ఈమెకు అందరూ సాయం చెయ్యాలని అందులో ఉంది. ఆ ఉత్తరం చూపిస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా లేచి నిలబడాల్సిందే.

1891 ఫిబ్రవరిలో కేట్ మాస్కో నుంచి బయలుదేరింది. తోడు ఏడా ఫీల్డ్ అనే ఆమె వచ్చింది. సైబీరియాకు రైలు ఇంకా పడలేదు. చలికాలం స్లెడ్జిలోనే పోవాలి. స్లెడ్జి అంటే చక్రాలు ఉండవు, మంచు మీద జారుతుంది, గుర్రాలు లాగుతాయి. కేట్ ఒంటి మీద ఉన్ని బట్టలు, వాటి మీద గొర్రెతోలు కోటు, దాని మీద దుప్పితోలు కోటు వేసుకుంది. మోకాళ్లు వంగలేదు. ముగ్గురు పోలీసులు కలిసి ఆమెను ఎత్తి బండిలో పెట్టబోయారు. తిండికి 18 కిలోల దాకా కిస్మిస్ కేకు లాంటిది తీసుకుపోయింది. అది చెడిపోదు, ఆమెకు ఇష్టం కూడా. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. దారిలో ఖైదీలు కనపడితే ఆగి టీ పొడి, చక్కెర పంచింది. ఓమ్స్క్ ఊరు చేరేసరికి ఏడాకు ఒంట్లో బాగాలేదు, వెనక్కి వెళ్లిపోయింది. రష్యా భాష వచ్చింది ఆమెకే. భాష రాని కేట్ ముందుకు పోయింది.

మంచు కరిగాక లేనా నది మీద సరుకుల పడవెక్కి యాకుట్స్క్ చేరింది. అక్కడ మూలిక చేతికొచ్చింది. కానీ దానితో రోగం పోదు, కొంచెం బాధ తగ్గుతుంది, అంతే. అంత దూరం పోయింది ఎందుకో, ఆ పని అక్కడితో అయిపోయింది. వేరేవాళ్లయితే తిరిగి వచ్చేద్దురు. కానీ రోగులను విల్యూయిస్క్ వైపు అడవుల్లోకి తరిమేశారని అక్కడ చెప్పారు. కేట్ వాళ్లను చూడకుండా రాను అంది.

జూన్ నెలలో 15 మంది మనుషులు, 30 గుర్రాలతో బయలుదేరింది. అప్పటి దొరసానులు గుర్రం మీద ఒకే పక్కకు కాళ్లు పెట్టి కూర్చునేవాళ్లు. ఈమె మోకాళ్ల దాకా పంట్లాం వేసుకుని మగవాళ్లలాగే అటొకటి ఇటొకటి వేసి కూర్చుంది. జీను చెక్కది, ఒళ్లంతా పుండ్లు అయ్యాయి. దారి పొడుగునా బురద, దోమలు, ఎలుగుబంట్ల భయం. ఒకచోట నేల లోపలే మంటలు కాలుతుంటే గుర్రాలు బెదిరాయి. ఇలా గుర్రం మీదే 3,200 కిలోమీటర్లు తిరిగింది. ముందు నడిచి చెట్లు కొట్టి దారి చేసింది మాత్రం అక్కడి యాకుట్ జనమే. ఈ సంగతి అందరూ ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అడవిలో దారి కొట్టడం ఎంత పనో మనకు తెలుసు.

అక్కడ చూసింది చాలా బాధగా ఉంది. రోగం వచ్చిందని అనుమానం వస్తే చాలు, మనిషిని అడవిలో గుడిసెకు పంపేస్తారు. కిటికీకి అద్దం బదులు మంచు గడ్డ పెడతారు. తిండి దూరంగా పెట్టి పోతారు, రోగి పాకుతూ వచ్చి తీసుకోవాలి. కుళ్లిన చేపలు, చెట్టు బెరడు తిన్నారు. ఆ ఇళ్లలో పశువులు కూడా ఉంటాయని, కంపు భరించలేమని కేట్ రాసింది. ఈ ఒక్కటి నాకు నచ్చలేదు. అంత చలిలో పశువులను బయట కడితే చచ్చిపోవా? మేం కూడా వానాకాలం మేకపిల్లలను లోపలే కట్టేస్తాం. కానీ రోగుల పక్కన కూర్చుని వాళ్ల మాట విన్న సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు.

తిరిగి వచ్చి ఊరూరా మాట్లాడి డబ్బు పోగు చేసింది. పుస్తకం రాసింది. 1892లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మొదటిసారి ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకుంది, అందులో కేట్ ఒకరు. తర్వాత సంవత్సరమే ఆడవాళ్లు వద్దని తలుపు మూశారు, మళ్లీ 1913లో తెరిచారు.

అప్పుడే నిందలు మొదలయ్యాయి. డబ్బు తినేసిందన్నారు. షికారుకు పోయి గొప్పలు చెప్తోందన్నారు. ఆమె నడవడిక మంచిది కాదని కూడా అన్నారు. కేట్ కోర్టులో కేసు వేసింది, నడిపించే డబ్బు లేక మానుకుంది. మందుకోసం పోయి మందు లేకుండా వచ్చింది కదా అని కొందరు వెక్కిరించారు. 1895లో ఆమె లండన్‌లో పెట్టిన కుష్ఠు రోగుల సంఘం ఇప్పటికీ ఉంది. తర్వాత బెక్స్‌హిల్ ఊరిలో మ్యూజియం పెట్టడానికి తిరిగింది, 1914లో అది తెరిచారు. పాత నిందలు మళ్లీ పైకి రావడంతో కమిటీలో నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. 1921లో తన తప్పు లేదని ఇంకో పుస్తకం రాసింది. 1931లో లండన్‌లో చనిపోయింది. సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు, చాలా ఏళ్లు పొదలు పెరిగిపోయాయి.

ఇప్పుడు వాడే మందులు 1980లలో వచ్చాయి. ఆరు నెలలో, సంవత్సరమో మాత్రలు వేసుకుంటే నయమవుతుంది. మన దేశంలో ఆ మాత్రలు ఊరికే ఇస్తారు. స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోకుండా నర్సమ్మకు చూపించండి.

విల్యూయిస్క్ దగ్గర సోస్నోవ్కాలో రోగులకు ఆసుపత్రి 1897లో తెరిచారు. కేట్ దాన్ని చూడటానికి మళ్లీ పోలేకపోయింది. 1991లో యాకుట్ల దేశంలో దొరికిన 55 క్యారెట్ల వజ్రానికి ఆమె పేరు పెట్టారు. సోస్నోవ్కా ఊరిలో 2014లో ఆమె విగ్రహం నిలబెట్టారు.