ఎర్రమాత్ర వెనకాల మనిషి

రాయచోటి చుట్టుపట్ల పల్లెల్లో చెనక్కాయ కలుపుల కాలంలో తిరిగితే ఒక సంగతి కళ్లబడుతుంది. పొద్దు పొడవకముందే సంగటి ముద్ద, ఇంత ఊరిబిండి గిన్నెలో కట్టుకొని ఆడకూలీలు చేలకు పోతారు. మధ్యాహ్నానికి కళ్లు తిరిగి గట్టు మీద కూలబడేవాళ్లు గుంపుకు ఒకరిద్దరు ఉంటారు. ఎండ తగిలింది అనుకుంటాం. చాలాసార్లు అది ఎండ కాదు, ఒంట్లో రక్తం లేకపోవడం. 2019-21లో కేంద్ర ప్రభుత్వం చేయించిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మంది దాకా రక్తహీనతతో ఉన్నారని తేలింది. అంటే గట్టు మీద కూలబడినామె ఒక్కతే కాదు, పక్కన నిలబడి నీళ్లు తాపే ఆమెకూ అదే జబ్బు ఉండొచ్చు.

ఇలాంటి వాళ్లకని ఆశా కార్యకర్త ఎర్రమాత్రలు ఇచ్చిపోతుంది. కొందరు మింగుతారు, కొందరు వాంతి వస్తుందని గూట్లో పెడతారు. ఆ మాత్రలో ఉండేవి రెండు సరుకులు. ఒకటి ఇనుము, 60 మిల్లీగ్రాములు. రెండోది ఫోలిక్ ఆసిడ్, అర మిల్లీగ్రాము. ఇనుము సంగతి అందరికీ తెలుసు. ఆ అర మిల్లీగ్రాము సరుకు ఎక్కడిది, దాన్ని తయారుచేసే దారి ఎవరు వేశారు అంటే చెప్పేవాళ్లు తక్కువ. ఆ పని చేసిన శాస్త్రవేత్తల జట్టును నడిపినవాడు తెలుగువాడే. భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు. కాలేజీ పుస్తకాల్లో ఆయన పేరు ఒక మూల కనబడుతుంది గానీ, ఆ మాత్ర మింగే వాళ్లకు చెప్పిన పుణ్యాత్ములు లేరు. అందుకే ఈసారి ఎరువుల ధరలు, బీమా డబ్బుల సంగతి కాస్త పక్కనబెట్టి ఆయన కథ చెప్పుకుందామని కూర్చున్నాం.

1895 జనవరి 12న పుట్టాడు. ఏడుగురు బిడ్డల్లో నాలుగోవాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. బళ్లో మనసు నిలిచేది కాదు. పదమూడేళ్లప్పుడు, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు చేద్దామని ఇల్లు వదిలి పారిపోయాడు. తల్లి వెనక్కు తెప్పించి మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. ఇల్లు జరగడం కష్టమైతే ఒంటి మీది నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. పిల్లోడు ఒకసారి తప్పగానే మేకల వెంట పంపక తప్పని ఇళ్లు మన తాలూకాలో ఎన్ని లేవు!

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అవి జాతీయోద్యమం ఊపందుకుంటున్న రోజులు. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. ఆపరేషన్ గదిలోకి సైతం ఖద్దరు అంగీతోనే పోయేవాడు. సర్జరీ చెప్పే బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కిట్టలేదు. పరీక్షల్లో బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా చేతికి రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. కాగితం ఇచ్చి పంపారు. గుడ్డ మార్చుకుంటే పోయేదానికి బతుకంతా దెబ్బ తగిలించుకున్నాడని అప్పుడు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పే పనిలో కుదిరాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ పడింది. అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. గ్రహణి జబ్బు. అది పట్టినవాడు తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. పేగు లోపలి పొర దెబ్బతిని అన్నంలోని సారం ఒంటికి పట్టదు, రక్తం నీరైపోతుంది, మనిషి ఎండిన కట్టెలా తయారవుతాడు. సుబ్బారావుకూ అదే పట్టింది. ఇంగ్లీషు మందులు పని చేయలేదు, లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఈ జబ్బు ఎందుకొస్తుంది, దీనికి మందేది అనే ప్రశ్న ఆయన్ను ఇక వదల్లేదు.

అమెరికా పోయి చదవాలనుకున్నాడు, చేతిలో కాసు లేదు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత సాయం చేశారు. 1922లో కడుపుతో ఉన్న భార్య శేషగిరిని ఇంటి దగ్గర వదిలి బయలుదేరాడు. బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉష్ణదేశాల జబ్బుల బడిలో సీటు దొరికింది గానీ వేతనం దొరకలేదు. బతుకుదెరువుకు ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పని. మన దేశంలో ఏ కులానికి ఆ పని అంటగట్టారో తెలిసిందే. బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన డాక్టరు రాత్రంతా ఆ పాత్రలు కడిగి, పగలు బడికి పోయేవాడు.

తర్వాత హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కె అనే ఆచార్యుడి దగ్గర రసాయన శాస్త్రంలో కుదిరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. భాస్వరం ఎక్కువుంటే నీలిరంగు చిక్కగా వస్తుంది, తక్కువుంటే పలచగా వస్తుంది. మట్టి పరీక్ష కేంద్రంలో మన చేని మట్టిలో భాస్వరం చూసేదీ ఇలాంటి నీలిరంగుతోనే. ఆ కొలత చేతిలో పడ్డాక వాళ్ల చూపు కండ మీదికి పోయింది. పార ఎత్తిన చేతికి బలం ఎక్కడ నుంచి వస్తుంది? అంతవరకు పెద్దలు చెప్పిన లెక్క ప్రకారం కండలో పుట్టే లాక్టిక్ ఆసిడ్ వల్ల. ఆ లెక్క చెప్పినవాళ్లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1927లో ఫిస్కె, సుబ్బారావు కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వరపు పదార్థం ఉందని, కండ పనిచేసేటప్పుడు అది తగ్గి, అలుపు తీర్చుకునేటప్పుడు మళ్లీ పెరుగుతుందని చూపారు. 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థాన్ని విడదీశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. ప్రాణమున్న ప్రతి కణం దాన్నే ఖర్చుపెట్టి పని చేస్తుంది, చెనక్కాయ మొక్కయినా, ఎద్దయినా, మనిషయినా. కూలి మనిషి ఒంట్లో నుంచి దినమూ ఖర్చయ్యేది ఏమిటో పేరుపెట్టి చెప్పిన పని అది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన కనిపెట్టిన కొన్ని పదార్థాలు ఫిస్కె వల్ల వెలుగులోకి రాకుండా పోయాయని, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, అక్కడే పనిచేసి తర్వాత 1988లో నోబెల్ తీసుకున్న హిచింగ్స్ చెప్పాడు. సుబ్బారావు తన పేరు కోసం కొట్లాడిన మనిషి కాదు. అది గొప్పతనమా, పొరపాటా? మాకైతే కొంత పొరపాటనే అనిపిస్తుంది. చేసిన పనికి పేరడగడం తప్పు కాదు, కూలడగడం తప్పు కానట్టే.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లె మందుల కంపెనీలో చేరాడు. రెండేళ్లలో పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యాడు. పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. రక్తం నీరైపోయే జబ్బుకు మందేది?

ఈ ప్రశ్నకు మొదటి దారి మన దేశంలోనే పడింది. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను పరీక్షించింది. కడుపుతో ఉన్నప్పుడు వాళ్లకు రక్తం తగ్గి ప్రాణాల మీదికి వచ్చేది. వాళ్లు ఏం తింటున్నారో ఆమె చూసింది. తిండి తక్కువైన వాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువని కనుక్కుంది. ఈస్టు సారం పెడితే రక్తం మళ్లీ పట్టింది. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. 1941లో అమెరికాలో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, ఆకు నుంచి వచ్చింది గనుక ఫోలిక్ ఆసిడ్ అని లాటిన్ మాటతో పేరుపెట్టారు. నాలుగు టన్నుల ఆకుకు చిటికెడు మందు వస్తే ఎంతమందికి సరిపోతుంది? సుబ్బారావు జట్టు కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి దాన్ని శుద్ధిగా తీసి, దాని కట్టుబాటు కనుక్కొని, 1945లో ఫ్యాక్టరీలో తయారుచేసే పద్ధతి సాధించింది. మరుసటి ఏడాదికల్లా క్యూబాలో గ్రహణి రోగులకు ఇచ్చి చూస్తే గుణం కనబడింది. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు దాటింది అప్పటికి.

ఇంతకూ అది ఒంట్లో చేసేదేమంటే, ఎముకల మూలగలో దినమూ కోట్లకొద్దీ ఎర్రకణాలు పుడుతుంటాయి. ఒక కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. అది లేకపోతే కణం ఉబ్బుతుంది గానీ చీలదు. కడుపులో బిడ్డ పెరగడమంటే కణాలు చీలడమే గనుక, గర్భిణికి అది మరీ అవసరం.

దీన్నే తిరగేసి మరో మందు పుట్టింది. రక్త క్యాన్సరులో కణాలు అదుపు లేకుండా చీలుతాయి. ఫోలిక్ ఆసిడ్‌లాగే కనబడుతూ దాని పనిని అడ్డుకునే పదార్థాన్ని సుబ్బారావు జట్టు తయారుచేసి బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్‌కు పంపింది. 1948లో ఆయన 16 మంది పిల్లలకు ఇచ్చిన ఫలితాలు అచ్చేస్తే, వాళ్లలో 10 మందికి కొంతకాలం గుణం కనబడింది. అంతవరకు ఆ పిల్లలకు మందంటూ లేదు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సరుకూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. బోదకాలున్న జిల్లాల్లో 2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే.

1948లో వచ్చిన ఆరియోమైసిన్ కథ రైతులకు నచ్చుతుంది. పెన్సిలిన్‌కు లొంగని జబ్బుల కోసం కంపెనీ ఊరూరి మట్టి తెప్పించి వెతికింది. ఆ పని చూసిన డగ్గర్ డెబ్బై దాటిన ముసలాయన. ఉద్యోగం విరమించి వస్తే సుబ్బారావు విభాగంలో పని దొరికింది. మిస్సోరీ విశ్వవిద్యాలయం వ్యవసాయ క్షేత్రంలో, 1888 నుంచి ఎరువు వేయకుండా గడ్డి పెంచుతున్న మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. అందులో నుంచి వచ్చిందే ఆ మందు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం లేచినప్పుడు జనం ఎగబడి కొన్నది ఆ జాతి మందులనే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మందు కనిపెట్టింది సుబ్బారావు, డగ్గర్, వాళ్ల కింద పనిచేసిన వందలమంది. హక్కు మాత్రం కంపెనీది. ఆయన పుట్టిన దేశానికి ఆ మందు ఎంతకు చేరింది? 1959-61 మధ్య అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ మందుల ధరల మీద విచారణ జరిపింది. ప్రపంచంలో మందుల ధరలు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని, ఆరియోమైసిన్‌లాంటి వాటి ధర ఇక్కడ మరీ ఎక్కువని ఆ కమిటీయే రాసింది. అప్పటికి మనకు నడుస్తున్నది బ్రిటిషువాళ్లు 1911లో చేసిన పేటెంటు చట్టం. దాన్ని మార్చాలని అయ్యంగార్ కమిటీ 1959లోనే చెప్పినా, కొత్త చట్టం 1970లో గానీ రాలేదు. మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు అన్నది ఆ చట్టం. ఋషికేశ్‌లో సోవియట్ సాయంతో కట్టిన ప్రభుత్వ కర్మాగారం టెట్రాసైక్లిన్ తయారుచేసింది, మన కంపెనీలు వేరే పద్ధతులు వెతుక్కున్నాయి, ధరలు దిగాయి. 2005లో చట్టం మళ్లీ మారి, కొత్త మందుల మీద పేటెంటు తిరిగొచ్చింది. ఫోలిక్ ఆసిడ్ పాతది కాబట్టి చవగ్గా దొరుకుతోంది. ఈనాడు పుట్టే మందుకు ఆ వీలు లేదు.

సుబ్బారావు మళ్లీ ఇండియాకు రాలేదు. కొడుకు పుట్టి, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరమ్మ ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఆయన గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆ చదువులో ఆమె వాటా కూడా ఉందని మేము రాయదలిచాం. అమెరికా పౌరసత్వం కూడా ఆయన తీసుకోలేదు. 1948 ఆగస్టులో, దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది నిండకముందే, నిద్రలోనే గుండె ఆగి పోయాడు. 53 ఏళ్లు. 1995లో, పుట్టి నూరేళ్లు నిండాక, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మళ్లీ రాయచోటికి వద్దాం. మాత్ర వచ్చి ఇన్నేళ్లయినా రక్తహీనత ఎందుకు పోలేదని సంఘం సమావేశాల్లో అడుగుతుంటారు. లూసీ విల్స్ బొంబాయిలో చూసిన కారణమే, తిండి. దానికి తోడు వట్టి కాళ్లతో చేలల్లో తిరిగితే పట్టే కొంకిపురుగు, వెంటవెంటనే కాన్పులు. ఫోలిక్ ఆసిడ్ ఆకుకూరల్లో ఉంది, అలసందల్లో ఉంది, మన చెనక్కాయల్లో కూడా బాగానే ఉంది. కలుపు తీసి, కాయ పెరికి, ఒలిచేది ఆడవాళ్లే. కాయలు మాత్రం మూటగట్టి మిల్లుకు పోతాయి. వాన లేని ఏడాది అవీ ఉండవు.

మాత్ర సంగతి. కడుపుతో ఉన్నవాళ్లకు నాలుగో నెల నుంచి దినానికొకటి చొప్పున 180 దినాలు, కాన్పయ్యాక మరో 180 దినాలు ఉచితంగా ఇవ్వాలి. అన్నం తిన్నాక వేసుకోవాలి. టీ, కాఫీతో గానీ, అవి తాగిన వెంటనే గానీ వేసుకోకూడదు, ఇనుము పట్టదు. కడుపులో తిప్పితే రాత్రి పడుకోబోయే ముందు మింగొచ్చు. విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి మానొద్దు. మాత్రలు అయిపోయాయని రెండు నెలలు తిప్పుకుంటుంటే ఊరికే ఉండొద్దు, నలుగురు కలిసి ఆరోగ్య కేంద్రానికి పోయి అడగండి.