ఎర్నెస్ట్ జోన్స్

ఎర్నెస్ట్ జోన్స్ (1887 - 1965) ఇంగ్లండుకు చెందిన గోల్ఫ్ క్రీడాకారుడు, సుప్రసిద్ధ శిక్షకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో ఫ్రాన్సులో గాయపడి కుడికాలిని మోకాలి దిగువన కోల్పోయాడు. అయినా ఆటను విడువక, కొద్ది నెలలకే ఒంటికాలిపై ఆడి ఒక రౌండును 83 స్ట్రోకులలో పూర్తిచేశాడు. శరీర భాగాలను విడివిడిగా కదిలించడంకంటే, చేతులతో క్లబ్బు కొసను ఊపడమే ప్రధానమని దీనివలన గ్రహించాడు.

తరువాత అమెరికా వెళ్ళి న్యూయార్కులో శిక్షణనిచ్చాడు. చేతిరుమాలు కొసకు కట్టిన చిన్న మడతకత్తియే ఈయన బోధనా సాధనం. దానిని లోలకంవలె ఊపినపుడు రుమాలు బిగువుగా ఉంటుంది. బలవంతంగా నెట్టితే వదులై కత్తి గతి తప్పుతుంది. క్లబ్బునూ ఇదే విధంగా ఊపితే స్వింగ్ ప్రతిసారీ ఒకే తీరుగా వస్తుందని బోధించాడు. ఈయన శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932 నుండి 1934 వరకు వరుసగా మూడుసార్లు అమెరికా మహిళల అమెచ్యూర్ విజేతగా నిలిచింది. స్వింగింగ్ ఇన్‌టు గోల్ఫ్ (1937), స్వింగ్ ది క్లబ్‌హెడ్ (1952) ఈయన పద్ధతిని వివరించే గ్రంథాలు.