మిఖాయిల్ త్స్వెత్

రష్యను భాషలో త్స్వెత్ అనగా రంగు. ఆ పేరు గల శాస్త్రజ్ఞుడే రంగులను వేఱుపఱచు నూతన విధానమునకు ఆద్యుడగుట విశేషము.

మిఖాయిల్ త్స్వెత్ 1872వ సంవత్సరమున ఇటలీలోని ఆస్తి పట్టణమున జన్మించెను. తండ్రి రష్యా దేశీయుడు. తల్లి ఇటలీ దేశీయురాలు. పుట్టిన కొలదికాలమునకే తల్లి గతించెను. త్స్వెత్ స్విట్జర్లాండులో పెరిగి, జెనీవా విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము నభ్యసించి, 1896లో డాక్టరు పట్టమును పొందెను. ఆ యేడే రష్యాకు పోయెను. అచ్చట విదేశపు పట్టము చెల్లలేదు. ఆయన అధైర్యపడక మరల శ్రమించి, 1901లో కజాన్ విశ్వవిద్యాలయమున మఱియొక పట్టమును బడసెను. పిదప వార్సా నగరమున చిన్న కొలువున చేరెను.

ఆకులకు వన్నె నిచ్చు పదార్థములను చెడకుండ విడదీయుట యెట్లు? ఇదియే ఆయన ప్రశ్న. సన్నని గాజుగొట్టమున సుద్దపొడిని దట్టించి, ఆకులనుండి తీసిన ద్రావణమును పైన పోసి, దాని వెంట ద్రావకమును మెల్లగా జాఱవిడిచెను. పసుపు, ఆకుపచ్చ వన్నెలు వేర్వేరు పట్టెలుగా నేర్పడెను. సుద్దను గట్టిగా నంటుకొనునది పైన నిలిచెను. తేలికగా విడివడునది ముందుగా దిగెను. 1903లో ఈ పద్ధతిని పండితులకు వివరించి, 1906లో దానికి క్రొమటోగ్రఫీ యని పేరిడెను.

పేరుగాంచిన రసాయనికులు కొందఱు దీనిని విశ్వసింపలేదు. 1915లో యుద్ధము వలన త్స్వెత్ వార్సాను విడువవలసివచ్చెను. ఊరూరు తిరిగి, వ్యాధితో కృశించి, 1919లో వొరోనెజ్ నగరమున 47వ యేట మరణించెను. 1931లో జర్మనీయందు కూన్, లెడరర్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి మరల ప్రాణము పోసిరి.

తరువాతివారు గొట్టమున అతిసూక్ష్మ రేణువులను నింపి, ద్రవమును అధిక పీడనముతో పంపు యంత్రములను నిర్మించిరి. చెదలు పట్టకుండ మందెక్కించిన కొయ్యలో పెర్మెత్రిన్ వంటి కీటకనాశిని యెంత మిగిలియున్నదో నేడు వానితో కొలుతురు. కొయ్యను పొడిచేసి, ద్రావకమున నానవేసి, అందు దిగిన మందును గొట్టము గుండ పంపుదురు. కొయ్యలోని యితర పదార్థములు ఒకవేళ, మందు మఱొకవేళ వెలువడును. మందునకు రంగు లేదు. కాని అతినీలలోహిత కాంతి దానిని పట్టిచ్చును. తెలిసిన మోతాదుతో పోల్చి పరిమాణమును నిర్ణయింతురు. మందు చాలనిచో ఇంటి దూలము చెదల పాలగును గదా!

జీవించియుండగా తగిన మెప్పు నెఱుగని త్స్వెత్ చూపిన మార్గమున నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలన్నియు నడచుచున్నవి. సత్యమునకు ఆలస్యము కలుగవచ్చును గాని అపజయము లేదు.