గాంధీ చేతిలో మంగలికత్తి

గాంధీ అనగానే మనకి కళ్లద్దాలు, చేతికర్ర, చరఖా గుర్తొస్తాయి. నోటు మీద రోజూ చూసే ఆ ముఖానికి గడ్డం ఎవరు గీసేవాళ్లో ఎవరైనా ఆలోచించారా? సెమిస్టర్ సెలవుల్లో ఆయన ఆత్మకథ చదివేదాకా నేనైతే ఆలోచించలేదు. అందులో బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది. స్కూల్లో బట్టీపట్టిన దండియాత్ర కన్నా అదే నాకు బాగా గుర్తుండిపోయింది.

1869 అక్టోబర్ 2, పోర్‌బందర్, తండ్రి దివాను. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియని సంగతి ఒకటి చెప్తా. ఆ ఇంట్లో పిల్లలకి అద్దం చూసుకోవడం ఒక విలాసం. ఇంటి మంగలి గడ్డం గీయడానికి వచ్చిన రోజున మాత్రమే అద్దం చేతికొచ్చేది. అంటే అద్దం, కత్తి రెండూ వేరేవాడి సంచిలోంచే రావాలి.

1888 సెప్టెంబర్ 4న మోహన్‌దాస్ బొంబాయిలో ఓడ ఎక్కాడు. పంతొమ్మిది ఇంకా నిండలేదు, మన సెకండియర్ వాళ్ల వయసు. అందుకే ఈ భాగంలో ఆయన అనకుండా అతను అనే రాస్తున్నా. అప్పటికే పెళ్లయింది, కొన్ని నెలల కొడుకు కూడా. సముద్రం దాటుతున్నాడని కులపెద్దలు అతన్ని వెలివేశారు. సాయం చేసినవాళ్లకి, రేవుదాకా వెళ్లి సాగనంపినవాళ్లకి రూపాయి పావలా జరిమానా అన్నారు. ఈ వెలి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

లండన్‌లో మొదట్లో అతనికి దొరబాబు అవ్వాలని పిచ్చి పట్టింది. పందొమ్మిది షిల్లింగుల టోపీ కొన్నాడు. బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లు తగలేసి సూటు కుట్టించాడు. డ్యాన్స్ క్లాసు, వయొలిన్ క్లాసు, ఉపన్యాసాలివ్వడానికి ఇంకో క్లాసు! రోజూ పది నిమిషాలు నిలువుటద్దం ముందు నిలబడి టై సర్దుకోవడం, పాపిడి తీయడం. ఇంట్లో మంగలి వస్తేనే కనబడే అద్దం ఇక్కడ గోడంత ఉంది మరి. ఈ పిచ్చి మూడు నెలల్లోనే చాలావరకు దిగిపోయింది. కానీ ఇంగ్లాండ్ వెళ్లినవాళ్లందరూ నేర్చుకునే ఒక పని మాత్రం మిగిలిపోయింది: తన గడ్డం తను గీసుకోవడం.

అదేం గొప్ప అనుకోకండి. మనం వాడే పల్చటి బ్లేడ్ రేజర్ అమ్మకాలు మొదలైంది 1903లో. అప్పట్లో మామూలుగా గడ్డం అంటే మడతపెట్టే బారుకత్తితోనే. ఇప్పుడు సెలూన్లలో కూడా ఆ అసలు కత్తి దాదాపు లేదు. బ్లేడుని సగానికి విరిచి పిడిలో దోపి గీస్తారు, పదును అయిపోతే పారేస్తారు. అసలు కత్తిని పారేయలేం, పెంచుకోవాలి. వాడేముందు తోలుపట్టీ మీద, వెన్ను ముందు నడిచి అంచు వెనక వచ్చేలా, అటూ ఇటూ సాగదీయాలి. పొరపాటున అంచు ముందు పెట్టి తోశామా, తోలూ తెగుతుంది, కత్తీ పాడవుతుంది. తర్వాత వేడినీళ్లు, చిక్కటి సబ్బు నురగ. ఒక చేత్తో చర్మాన్ని బిగలాగి పట్టుకుని, ఇంకో చేత్తో కత్తిని ముప్పై డిగ్రీల వంపులో ఆనించి, వెంట్రుక వాలిన వైపుకే దించాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకని పీకుతుంది. మరీ నిలబెడితే తెగుతుంది. అంచుని పక్కకి జరిపితే ఇంక చెప్పక్కర్లేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా బావ దగ్గర అలాంటి కత్తి ఒకటి ఉంది. చెంపల వరకు బాగానే వచ్చింది. దవడ మలుపు దగ్గర చర్మం బిగలాగడం మర్చిపోయా. అద్దంలో కుడి ఎడమ తారుమారయ్యాయి. పటిక రుద్దుకుని, మిగతా సగం మామూలు రేజర్‌తో పూర్తిచేసి బయటికొచ్చా. కొత్తవాళ్లు మొదటి వారం చెంపలతో ఆపేయాలట, గడ్డం కింద, మూతి పైన తర్వాత. ఈ ముక్క బావ నాకు రక్తం కారాక చెప్పాడు.

సరే, గాంధీ దగ్గరికి వద్దాం. 1891 జూన్‌లో బారిస్టర్ అయి తిరిగొచ్చాడు. 1893లో దక్షిణాఫ్రికా వెళ్లాడు. రైల్లోంచి తోసేసిన కథ అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. ఇక్కడి నుంచి ఆయన అనే అంటాను.

అక్కడ చాకలి ఖర్చు మరీ ఎక్కువ. కాలర్ ఉతికించే డబ్బు దాదాపు కొత్త కాలర్ ధరంత. దాంతో ఆయన ఒక పుస్తకం కొని ఉతకడం నేర్చుకున్నారు, భార్యకీ నేర్పారు. మొదటిసారి గంజి ఎక్కువై, కాలుతుందేమోనన్న భయంతో ఇస్త్రీ సరిగా చేయక, ఆ కాలర్ పెట్టుకునే కోర్టుకి వెళ్లారు. గంజి పొడి రాలుతుంటే తోటి లాయర్లు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

అదే అధ్యాయంలో మంగలి కథ. ప్రిటోరియాలో ఒక ఇంగ్లీషు మంగలి దగ్గరికి వెళ్తే అతను హీనంగా చూసి, జుట్టు ముట్టుకోనని పంపేశాడు. గాంధీకి బాధేసింది. వెంటనే క్లిప్పర్లు కొని, అద్దం ముందు నిలబడి తనే కత్తిరించుకున్నారు. గడ్డం గీసుకోవడం లండన్‌లోనే వచ్చేసింది కానీ జుట్టు కత్తిరించుకోవడం కొత్త. ముందువైపు పర్లేదు, వెనకవైపు మొత్తం పాడైంది. కోర్టులో స్నేహితులు పగలబడి నవ్వి, ఎలకలు కొరికాయా అని అడిగారు. తెల్ల మంగలి నల్లవాడి జుట్టు ముట్టుకోడు కాబట్టి, ఎంత వంకరగా వచ్చినా నా జుట్టు నేనే కత్తిరించుకున్నా అని ఆయన జవాబిచ్చారు.

నేను రాసి ఉంటే కథ ఇక్కడే ఆపేసేవాణ్ణి. చప్పట్లు పడే చోటు ఇదే. కానీ ఆయన ఆపలేదు. ఆ మంగలి తప్పు లేదని రాశారు. నల్లవాళ్లకి చేస్తే అతని మిగతా గిరాకీ మొత్తం పోతుంది. మన ఊళ్లలో మన మంగళ్లని అంటరానివాళ్లుగా చూసినవాళ్లకి క్షవరం చేయనిస్తున్నామా? మనం చేసిన పాపానికి శిక్షే ఇక్కడ పడుతోందని అనుకోవడం వల్లే తనకి కోపం రాలేదని ఆయన మాట.

ఇది చదివి పుస్తకం మూసేశా. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో సెలూన్ ఉంది. ఊరి చివర కాలనీలో కుర్రాళ్లు మాత్రం జుట్టు కోసం మండలానికి వెళ్తారు. చిన్నప్పుడు అక్కడ ఏసీ సెలూన్ ఉంది కదా, అందుకేమో అనుకున్నా. ఆత్మకథ చదివాక తాతయ్యని అడిగా. ఆయన కాసేపు పేపర్ మడతపెట్టి, ఇప్పుడు అలాంటివేం లేవు, వాళ్లే రారు అన్నారు. ఎందుకు రారో చెప్పలేదు.

గాంధీ చెప్పింది పూర్తిగా ఒప్పుకోగలనా అంటే, లేదు. నిన్ను గెంటేసినవాడిని క్షమించడం నీ ఇష్టం. కానీ ఊళ్లో గెంటించుకున్నవాడు ఏ పాపం చేశాడని? ఆ లెక్క గాంధీకి సరిపోతుంది, కాలనీ కుర్రాళ్లకి సరిపోదు.

కత్తెర ఆయన చేతిలోంచి మళ్లీ పోలేదు. 1908లో జోహన్నెస్‌బర్గ్ జైల్లో తోటి ఖైదీల జుట్టు కత్తిరించారు. మంగలిపని కులం పని కాదు, చేతిపని అన్నట్టు. 1910లో పెట్టిన టాల్‌స్టాయ్ ఫామ్‌లో మాత్రం నాకు మింగుడుపడని పని చేశారు. కొందరు అబ్బాయిలు ఇద్దరమ్మాయిలని ఏడిపిస్తే, ఆ అమ్మాయిలని ఒప్పించి వాళ్ల పొడవాటి జుట్టు తన చేత్తోనే కత్తిరించేశారు. తప్పు ఒకరిది, జడ ఇంకొకరిది. మా క్లాసు అమ్మాయిలకి చెప్తే ఒక్కరికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

1913లో నేటాల్‌లో సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిగాయి. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకి వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు. చనిపోయినవాళ్ల కోసం గాంధీ సూటు వదిలేసి, గుండుతో, కూలీలు కట్టే బట్టలతో డర్బన్ సభకి వచ్చారు. లండన్ అద్దం ముందు పది నిమిషాలు పాపిడి తీసిన తల అది.

1915లో దేశానికి తిరిగొచ్చి అహ్మదాబాద్ దగ్గర కోచరబ్‌లో ఆశ్రమం పెట్టారు. కొన్ని నెలలకే దూదాభాయి, దానిబెన్, వాళ్ల చిన్నపాప లక్ష్మి వచ్చి చేరారు. అంటరానివాళ్లుగా చూసిన కుటుంబం. వెంటనే చందాలు ఆగిపోయాయి. బావి దగ్గర నీళ్లు తోడే మనిషి, వీళ్ల బొక్కెన చుక్కలు పడి మైలపడ్డానని రోజూ తిట్టేవాడు. ఒకప్పుడు తన కులమే తనని వెలివేసింది, ఇప్పుడు మళ్లీ వెలివేస్తే దళితవాడకే మారిపోదాం అనుకున్నారు గాంధీ. తిట్లు పడుతూనే నీళ్లు తోడుకురమ్మని ఆశ్రమంలో అందరికీ చెప్పారు. చేతిలో డబ్బులు పూర్తిగా అయిపోయే వేళకి ఒకాయన కారులో వచ్చి, గేటు బయటే నిలబడి, పదమూడు వేల రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బావి దగ్గరి మనిషి కూడా కొన్నాళ్లకి సిగ్గుపడి తిట్టడం మానేశాడు. దూదాభాయి కుటుంబం అక్కడే ఉంది.