ఫుట్ దొర నడిచిన గుట్టలు

మా ఊరు మోక. రోజూ బస్సులో కాలేజీకి వస్తుంటే దారిలో సంగనకల్లు గుట్టలు కనిపిస్తాయి. మా ఇంట్లో నాయనది కన్నడం, అమ్మది తెలుగు. అందుకే ఆ పెద్ద గుట్టను నాయన హిరేగుడ్డ అంటాడు, అమ్మ పెద్దకొండ అంటుంది. నాకు రెండు పేర్లూ తెలుసు కానీ, మొన్నటిదాకా ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కడో ఇంగ్లండులో పుట్టిన మనిషి మాత్రం నూటముప్పై ఏళ్లకు ముందే అవన్నీ తిరిగి చూసినాడు. ఆయనే రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఫుట్ అంటే పాదం. పేరుకు తగ్గట్టే బతికినాడు.

ఆయన 1834లో చెల్టెన్‌హామ్‌లో పుట్టినాడు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసుకు వచ్చినాడు. నేల కింద ఏ రాయి ఉంది, ఏ ఖనిజం దొరుకుతుంది అని చూసి పటాలు గీయడం ఆయన ఉద్యోగం. అది ఆఫీసులో కూర్చుంటే అయ్యే పని కాదు. కొంత దూరం గుర్రం మీద, గుట్టలొస్తే కాలినడకన, చేతిలో సుత్తితో తిరగాల. రాత్రికి డేరానే ఇల్లు.

1863 మే 30న మద్రాసు పక్కన పల్లవరంలో ఆయనకు చెక్కిన రాయి ఒకటి దొరికింది. అది పాతరాతియుగం మనిషి చేతి పనిముట్టు. అప్పుడు ఫుట్‌కు 28 ఏళ్లు. ఈ దేశంలో అంత పాతకాలంలోనే మనుషులు బతికినారని ఆ రాయితో లోకానికి తెలిసింది. అప్పట్నుంచి సర్కారు పని చేస్తూనే, పోయిన చోటల్లా పాత పనిముట్లు ఏరుకున్నాడు. 1884 ప్రాంతంలో అప్పటి కర్నూలు జిల్లాలో బెలుం గుహలు చూసినాడు. బిల్లసుర్గం గుహలను కొడుకు హెన్రీతో కలిసి తవ్వించినాడు.

బళ్లారి జిల్లా గుట్టల్లోనైతే ఆయనకు కొత్తరాతియుగమే కనబడింది. కప్పగల్లు గుట్ట మీద నల్లరాతి గొడ్డళ్లు, సగం చెక్కి వదిలేసినవి, చెక్కినప్పుడు రాలిన పెచ్చులు. అంటే అదొక గొడ్డళ్ల కార్ఖానా అన్నమాట! మన దిక్కు బూడిదదిబ్బలను వాలిని కాల్చిన చోటనో, రాక్షసుల బూడిద అనో పెద్దవాళ్లు చెప్తారు. ఫుట్ వాటిని పరీక్షించి, అది కాలిన ఆవుపేడ అన్నాడు. తర్వాత కాలంలో ఉట్నూరులో జరిగిన తవ్వకాలు ఆయన మాటే నిజమని తేల్చినాయి. 1895లో బళ్లారి జిల్లా రాళ్ల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఏరిన వస్తువులన్నీ 1904లో మద్రాసు మ్యూజియానికి చేరినాయి. 1912 డిసెంబరులో కలకత్తాలో చనిపోయినాడు.

ఆయన గొప్పవాడే. అయితే ఆయన వెంట బండ్లు తోలినవాళ్లు, దారి చూపినవాళ్లు ఈ ఊళ్లవాళ్లే అయ్యుంటారు కదా. వాళ్ల పేర్లు ఏ పాఠంలోనూ రావు.

పోయిన నెల అవ్వను తోడు తీసుకొని నేనూ పోయినా. ఆడపిల్ల ఒక్కతే గుట్ట ఎక్కుతానంటే ఇంట్లో ఒప్పుకోరు. రోడ్డు మీద దిగి, ఎవరిదో ట్రాక్టరు ఆపి గుట్ట దాకా ఎక్కినాం. పైన బండల మీద నున్నగా అరిగిన గుంతలున్నాయి. అవ్వ ఒక గుంతలో చెయ్యి పెట్టి, ఇది నూరిన గుంతే అని చెప్పేసింది. ఏ పుస్తకమూ చదవలేదు, ఎన్ని ఏళ్లు నూరిందో ఆ చెయ్యి! వేల ఏళ్ల కింద అక్కడ కూర్చొని గింజలు నూరింది కూడా ఆడవాళ్లే అయ్యుంటారు. రాతితో కొడితే గంట మాదిరి మోగే బండలూ ఉన్నాయి. ఇంకో పక్క కంకర కోసం గుట్టను పగలగొట్టిన గాయాలు కూడా కనిపించినాయి.

పగిలిన బండ మళ్లీ అతుక్కోదు. బళ్లారిలో ఫుట్ పేరుతో సంగనకల్లు మ్యూజియం ఉంది, అది చూడండి. కానీ గుట్టను గుట్టగా ఉన్నప్పుడే చూడాల. వచ్చే ఆదివారం నేను మళ్లీ పోతున్నా. నలుగురం కలిస్తే ఇంట్లో కాదనరు. ఎవరొస్తారు?