మేరీ క్యూరీ: కిరణాలకూ ఒక లెక్క ఉంది

మేరీ క్యూరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సా నగరంలో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులే. అప్పట్లో వార్సా రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. మేరీ కొన్నేళ్లు ఇతరుల ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో ముందు అక్క చదువుకు సాయపడ్డారు. 1891లో తానూ పారిస్ చేరారు. కొత్త ఊరు, కొత్త భాష, చలికి వణికించే చిన్న గది. అమ్మానాన్నల బదిలీలతో బడులు మారే మనకు ఆ కష్టం కొంత తెలుసు. అయినా 1893లో భౌతికశాస్త్రం పరీక్షలో ఆమే మొదటి స్థానంలో నిలిచారు.

1895లో పియరీ క్యూరీతో ఆమె వివాహం జరిగింది. అదే ఏడాది జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నారు. 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు మూలకాలను కనుగొన్నారు. మొదటిదానికి మేరీ తన మాతృదేశం పేరు పెట్టారు. 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో ఆమెకు నోబెల్ బహుమతులు వచ్చాయి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. గాయపడిన సైనికుడి ఒంట్లో తూటా ఎక్కడుందో తెలియక వైద్యులు అవస్థ పడేవారు. మేరీ మోటారు వాహనాల్లో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి యుద్ధభూమికి తీసుకెళ్లారు. వాహనం ఇంజనుతోనే కరెంటు పుట్టించేవారు. పెద్ద కూతురు ఐరీన్ 17 ఏళ్ల వయసులోనే తల్లికి తోడు నిలిచింది. తల్లీకూతుళ్లు సుమారు 150 మంది మహిళలకు ఎక్స్‌రే తీయడం నేర్పారు. లక్షల మంది సైనికులకు ఆ సేవ అందింది.

ఎక్స్‌రే కంటికి కనిపించదు, తగిలినప్పుడు నొప్పి పుట్టదు. ఎవరి ఒంటిపై మొత్తం ఎంత పడిందో లెక్క కట్టే ఏర్పాటు ఆనాడు లేదు. రోజూ పడింది కొంచెమే, కానీ అది కూడుతూ పోయింది. రేడియంతో మేరీ చేతివేళ్లు గట్టిపడి పగిలాయి. కళ్లకు శుక్లాలు వచ్చాయి. ప్రయోగశాలలో ఇతరులకు రక్తపరీక్షలు చేయించిన ఆమె తన విషయంలో మాత్రం అంత పట్టించుకోలేదు. ఎముక మజ్జలో రక్తం సరిగా తయారుకాని జబ్బుతో 1934 జులై 4న కన్నుమూశారు. 1995లో ఆమె శవపేటికను పరీక్షించిన నిపుణులు, రేడియం కన్నా యుద్ధకాలపు ఎక్స్‌రేలే ఆ జబ్బుకు కారణమై ఉండవచ్చని భావించారు.

ఆ కథకు మన కోల్‌కతాతోనూ సంబంధం ఉంది. వాట్‌గంజ్‌కు ఎక్కువ దూరం లేని హాజ్రాలోని చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని 1950 జనవరి 2న ప్రారంభించింది ఐరీనే. అప్పటికి ఆమె కూడా నోబెల్ గ్రహీత. ఆరేళ్ల తరువాత, 1956లో, ఆమె రక్త క్యాన్సర్‌తో మరణించారు.

ఇలాంటి అనుభవాలనుంచే నేటి జాగ్రత్తలు పుట్టాయి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీసే రేడియోగ్రాఫర్ ఛాతీమీద చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. ఒంటికి తగిలిన మోతాదు ఎంతో అందులో నమోదవుతుంది. మన దేశంలో ఈ ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదని నియమం. కిరణాల దగ్గర తక్కువసేపు ఉండాలి, దూరంగా ఉండాలి, మధ్యలో సీసం అడ్డు ఉండాలి. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది.

రోగి విషయంలోనూ లెక్క ఉంది. ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 మిల్లీసీవర్టు పడితే, ఛాతీ సీటీ స్కాన్‌కు సుమారు 7 పడుతుంది. అవసరమైన స్కాన్‌కు భయపడనక్కరలేదు, అవసరం లేనిది అడిగి తీయించుకోనూ కూడదు. బదిలీ మీద వేరే ఊరు వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు, రిపోర్టులు పారేయకుండా వెంట తీసుకెళ్తే, తీసిందే మళ్లీ తీయించే పని చాలాసార్లు తప్పుతుంది.

మేరీ క్యూరీ మనకు కిరణాలను వాడుకోవడం నేర్పారు. వాటిని కొలుచుకుని వాడాలన్న పాఠాన్ని ఆమె జీవితమే నేర్పింది.